ముందు డ్యూటీ చార్టు చూపించండి

పెద్దాసుపత్రిలో ఎవరో పీజీ డాక్టరు రోగి బంధువుల మీద అరిచిన వీడియో బయటికొస్తే చాలు, తీర్పు సిద్ధం: ఈ తరం డాక్టర్లకు జాలి లేదు! ర్యాంకుల కోసం కోచింగ్ హాస్టళ్లలో పెరిగిన పిల్లలు కదా అని ఒకరంటే, నీతి పాఠాలు పెట్టాలని మరొకరు. పాఠాలు పెట్టారు కూడా. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ‘ఎట్‌కామ్’ పేరుతో రోగితో ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు. మంచిదే. క్లాసులో నేర్చుకున్నది వార్డులో ఒక్క పూట నిలవదు, అదీ చిక్కు.

రౌండ్స్ చూడండి. ప్రొఫెసర్ గారు మంచం దగ్గర ఆగి ‘‘ఈ లివర్ ఎవరిది?’’ అంటారు. లివర్ గల మనిషి అక్కడే కళ్లు తెరుచుకుని పడుకుని ఉంటాడు. సోడియం రిపోర్టు రాలేదని అతని ముందే, నర్సుల ముందే పీజీకి చీవాట్లు. శాంపిల్ పట్టుకుని ల్యాబుకు పరిగెత్తిందీ, ట్రాలీ తోసిందీ ఆ పీజీయే. వార్డు బాయ్ పోస్టు ఖాళీగా ఉంటే ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో ఏ హౌస్ సర్జన్ని అడిగినా చెబుతారు. నిన్న పొద్దున డ్యూటీకి వచ్చిన ఆ పీజీ ఇంకా గదికి వెళ్లలేదు. ‘‘బాబూ, మావాడికెట్లుంది?’’ అని రోగి తల్లి మూడోసారి అడిగినప్పుడు విసుక్కున్నది అతని స్వభావమా, ముప్పై గంటల నిద్రలేమా?

ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో మొహమ్మద్‌రెజా హొజాత్ బృందం విద్యార్థుల సహానుభూతిని ఏటేటా కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించింది. మొదటి రెండేళ్లు నిలకడగానే ఉన్నది మూడో ఏడు పడిపోయింది. అక్కడ పిల్లలు వార్డుల్లో అడుగుపెట్టేది ఆ ఏడే. లేనిదైతే పడిపోదు కదా!

‘‘మా రోజుల్లో మేమూ పడ్డాం, రాటుదేలాం’’ అంటారు సీనియర్లు. నిజమే, రాటుదేలారు. రోగుల ఫిర్యాదూ అదే.

ఎక్కువ గంటలుంటేనే ఎక్కువ కేసులు చూస్తారన్న వాదనలో సగం నిజం ఉంది. ట్రాలీ తోసిన గంటలు మాత్రం ఆ లెక్కలోకి రావు. పీజీల వంటి రెసిడెంట్ల పని వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దని సిఫార్సు చేసింది. ముప్పై రెండేళ్లలో కాగితం మీది ఆశ కూడా 26 గంటలు దిగజారిందన్నమాట.

ఈసారి తనిఖీకి వచ్చేవాళ్లు ఎట్‌కామ్ లాగ్‌బుక్కులో సంతకాలు లెక్కపెట్టే ముందు డ్యూటీ చార్టు అడగాలి. క్యాజువాలిటీ పక్కన పీజీలు నడుం వాల్చడానికి గది ఉందా, దానికి లోపలి గడియ ఉందా, అదీ చూడాలి.