పెరటికోడియు గృహధర్మమును

గృహజీవనమును గూర్చి మన పత్రికలలో చర్చింపబడని విషయము లేదు. స్త్రీవిద్య, శిశుపోషణము, వంటయింటి పొగ, వరకట్నము, అన్నియు విమర్శకు వచ్చినవి. కాని తెల్లవారకమున్నే యింటిని మేలుకొలిపి, పగలెల్ల పెరటిచెత్త గెలికి, సందెవేళ తనంతట తాను గంప క్రిందికి చేరు కోడిని గూర్చి మాత్ర మెవ్వరును నోరెత్తరు. అది చర్చకు తగనంత యల్పవిషయమని కాబోలు మనవారి యభిప్రాయము. అల్పప్రాణితో మనము నడచుకొను తీరునందే మన గొప్ప సిద్ధాంతముల సారము బయటపడునని నా వాదము.

ఈ కోడికి ముగ్గురు శత్రువులు కలరు. దాని నంటరానిదను శుచిమంతుడు మొదటివాడు. దాని రాబడి నపహరించు గృహయజమానుడు రెండవవాడు. దాని కాలికి కత్తి గట్టు పందెగాడు మూడవవాడు. ముగ్గురును మర్యాదస్థులే, సభలలో భూతదయను గూర్చి యుపన్యసింపగలవారే.

కోడి మలినము దినునని, గోడ నెక్కిన గోడ మైలపడునని శుచిమంతుడు చెప్పును. ఇతడే కుక్కుటధ్వజుడైన సుబ్రహ్మణ్యేశ్వరునకు షష్ఠినాడు మ్రొక్కును. ఇతని వసారాలోనే పంజరమున చిలుక వ్రేలాడుచుండును. రెక్కలు కత్తిరింపబడి చెరలో నున్నది మంగళకరమట! స్వేచ్ఛగా తిరిగి సందెకు తానై యిల్లు చేరునది మైలయట! మన దేశపు చిలుకను పట్టి పంజరమున బెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము ననుసరించి నేరము. కోడిని పెంచుట నేరమని యే శాసనమును చెప్పలేదు. ఆచారము మాత్రము నేరమునకు హారతి పట్టి, న్యాయమునకు నీళ్లు చల్లుచున్నది.

అసలు సంగతి శుచిలో లేదు. ఎవరి పెరటిలో కోడి యున్నదో వారిని దూరముంచుటకు కోడి యొక సాకు. పట్టణములలో అద్దెయిల్లు చూడవచ్చినవారిని మీరు మాంసము దినువారా యని యడుగుట యీనాటికిని వినబడుచున్నది. కులమేమని యడుగుటకు సిగ్గుపడువారు కోడిని అడ్డము పెట్టుకొని యడుగుచున్నారు. మాంసము మానుట యెవరి యిష్టము వారిది. దానిని నేను నిందింపను. తాను తినకుండుట వ్రతము. తినువానిని గడప దాటనీయకుండుట యంటరానితనమే.

ఇక రెండవవానిని చూతము. కోళ్లగంప నెత్తునది యెవరు? నూకలు, తవుడు జల్లునది యెవరు? గంపలో గడ్డి పరచి పదియో పండ్రెండో గ్రుడ్లు పొదుగ వేసి, యిరువదియొక్క దినములు కనిపెట్టి, పిల్లలు లేచినపిమ్మట గ్రద్దనుండియు ముంగిసనుండియు కాపాడునది యెవరు? ఇల్లాలు. నాటుపెట్ట ఏటికి సుమారు అరువది డెబ్బది గ్రుడ్లు పెట్టును. అది గొప్ప రాబడి గాకపోవచ్చును. కాని బిడ్డకు పలకయు, తనకు మందుబిళ్లయు, మగని నడుగకుండ కొనుటకు పల్లెటూరి స్త్రీకి చేతిలో నాడు సొమ్ము తరచుగా నదియే. చుట్టము రాగానే యజమానుడు వీధిలోనుండియే కేకవేసి పెట్టను కోయించును. అది యెవరిదని యడుగడు. తన యెద్దు నమ్ముటకు పదిమందితో నాలోచించువాడు ఆమె కోడిని కోయుటకు ఆమెతోనైన నాలోచింపడు. స్త్రీకి గల యాస్తి సంపూర్ణముగా నామెదే యని 1956 నాటి హిందూ వారసత్వ శాసనము చెప్పినది. పొలములకును నగలకును ఆ శాసనము నుదాహరించు విద్యావంతులు కోళ్లగంప వరకు దానిని తీసికొనిరారేల?

అపహరణము కంటెను పెద్దది ఉపేక్ష. కొక్కెర తెగులు వచ్చిన వీధిలో వారము తిరుగకుండ గంపలన్నియు ఖాళీయగుట మనము చూచుచున్నదే. 1920ల చివర కుమావూను కొండలలోని రాణీఖేతులో గుర్తింపబడుటచే దీనికి రాణీఖేతు వ్యాధియని పేరు వచ్చినది. వచ్చినపిమ్మట దీనికి మందు లేదు. రాకముందు టీకా కలదు. పిల్లకు మొదటి వారమున కంటిలోనో ముక్కులోనో ఒక్క చుక్క, నెల నాటికి మరియొకటి, రెండవ నెలలో సూదిమందు. ఇంత సులభమైనది మన పెరళ్లకేల రాలేదు? చిక్కు చిన్నదే. టీకాసీసా నూరేసి కోళ్లకు సరిపోవునట్లు వచ్చును, చల్లగా నుంచవలయును, కలిపినపిమ్మట కొలది గంటలలో ముగింపవలయును. పది కోళ్లుగల ఇల్లాలు నూరింటి మందును కొనలేదు. కాని యొక వీధిలో పదిమంది యిల్లాండ్రు పది పది కోళ్లతో ఒక్క యుదయమున కూడిన నూరు కావా? పొదుపుసంఘముల పేర నెల నెలా కూడుచున్న మన స్త్రీలకు ఇది యసాధ్యమా? అట్లు కూడినచోట కులము తెలియగోరు కోడి యొక్కటియు లేదని కూడ తెలియవచ్చును.

కోళ్లవలన రోగములు వచ్చును గనుక పెరటిలో నుండనే కూడదనువారు కలరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారములలో పక్షిజ్వరము పుట్టినది. పెరటికోడికి అట్టిది రాదని నేననను. చచ్చిన కోడిని కాలువలో పారవేయక సున్నము జల్లి లోతుగా పాతిపెట్టుట, పశువైద్యునకు తెలుపుట, గంప నంటిన చేతులు సబ్బుతో కడుగుకొనుట, మాంసమును గ్రుడ్డును బాగుగా నుడికించుట, ఈ నాలుగును చేయువాని పెరడు భయపడనక్కరలేదు. ఇవి చేయనివాని దోషము కోడి నెత్తిన రుద్దుట న్యాయము గాదు.

తక్కిన పెంపుడు జంతువులయందును మన నడత యిట్టిదే. కుక్కకు మిగిలిన మెతుకులు వేసి రాత్రియెల్ల కావలి కోరుదుము. టీకా వేయింపుమన్న వీధికుక్క కేమి టీకా యని నవ్వుదుము. పాస్టరు మహాశయుడు 1885లో పిచ్చికుక్క కరచిన బాలునకు టీకామందిచ్చి బ్రదికించెను. అది జరిగి నూటనలుబది యేండ్లు దాటినను కాటునకు పసరుపూతలును మంత్రమును వెదకువారు మనలో నున్నారు. కరచినచోట పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలయు నన్న సంగతి యింటింట గోడమీద వ్రాయదగినది. పిల్లి కోడిపిల్లను పట్టెనా, గోనెసంచిలో కట్టి పొలిమేర దాటించుదుము; గంపకు రాయి పెట్టని మన మరపును మాత్రము దాటింపము. సంతలో గులాబియు పచ్చయు రంగులు పూసిన కోడిపిల్లను బిడ్డకు కొనిపెట్టుదుము. అవి చాలవరకు గ్రుడ్లు పెట్టవని ఫారములవారు త్రోసివేసిన మగపిల్లలు. తల్లిరెక్కల వెచ్చదనము లేక అవి నాలుగు దినములలో చచ్చును. ప్రాణము పారవేయదగిన బొమ్మ యని బిడ్డకు మనము నేర్పిన మొదటి పాఠ మది.

ఇక పందెగాడు. సంక్రాంతి సంప్రదాయమని అతని సమర్థన. పల్నాటి కథ నతడు చెప్పును గాని దాని తాత్పర్యము చెప్పడు. అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించిన బ్రహ్మనాయునిపక్షము ఏడేండ్లు రాజ్యము విడిచిపోవుటకు కారణము కోడిపందెమే కదా! చాపకూడును మరచి, పందెమును మాత్రము వారసత్వముగా పట్టుకొన్న జాతిని ఏమనవలయును? 1960 నాటి జంతుహింసా నిరోధక శాసనము పందెమును నేరమన్నది. 2016లో ఉన్నత న్యాయస్థానమును దానిని వారింపుడని యాజ్ఞాపించినది. అయినను భోగినాడు బరులు లేచుచునే యున్నవి. మొదటి తప్పునకు ఆ శాసనము విధించిన జుల్మానా పదినుండి ఏబది రూపాయలు. లక్షలు పందెము కాయువానికి ఏబది రూపాయ లొక భయమా? బరిలో చచ్చునది కోడి. ఇంటిలో చచ్చునది ఇల్లాలి ధైర్యము. ఆమె నూకలు పెట్టి పెంచిన పుంజుతోబాటు ఆమె పుస్తెలును ఆ బరిలోనికే పోవుచున్నవి.

చదువరులారా! దేశోద్ధరణము నేను కోరుటలేదు. కోయుటకును అమ్ముటకును ముందు ఇల్లాలి నడుగుడు. మీ వీధిలోని కోళ్లను లెక్కించి నూరైన దినమున పశువైద్యుని పిలువుడు. కుక్కకు ఏటేట టీకా వేయింపుడు. పంజరపు చిలుకను అటవీశాఖవారి కప్పగింపుడు. ఈ సంక్రాంతికి బరివైపు పోవు మీ కుమారుని గడపలోనే నిలుపుడు. పెంచుట యనగా భారము వహించుట. భారము వహింపలేనివానికి పెరడుండవచ్చును గాని పెంపకమను మాట చెల్లదు.