అంపైరు ఫీజుకు కోత ఉంది, ఊరట లేదు

వారమంతా బడిలో పీఈటీ, ఆదివారం కబడ్డీ కోర్టులో రిఫరీ. లేదంటే బ్యాంకులో కొలువు, సెలవు దొరికితే లీగ్ మ్యాచ్‌లో అంపైరు. తెలుగు రాష్ట్రాల్లో జిల్లా, మండల స్థాయి పోటీలు నడుస్తున్నది చాలావరకు ఇలాంటివారి భుజాల మీదే. 2019లో ఐసీసీ అంతర్జాతీయ ప్యానెల్‌కు తొలి మహిళా మ్యాచ్ రిఫరీగా ఎంపికైన జి.ఎస్.లక్ష్మి రాజమండ్రిలో పుట్టినవారే. ఆ మెట్టు ఎక్కేవారు కొందరే. మిగతావారికి ఇది మ్యాచ్‌కింత చొప్పున వచ్చే పైసంపాదన.

ఈ సంపాదనను పన్ను చట్టం ఒక్కోచోట ఒక్కోలా చూసింది. 2008 ఆగస్టులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు క్రీడాకారులు, కోచ్‌లు, ఫిజియోలు, కామెంటేటర్లతో పాటు అంపైర్లను, రిఫరీలను కూడా 194జె సెక్షన్ కిందికి తెచ్చింది. అంటే వీరి ఫీజులో 10 శాతం టీడీఎస్. ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే మొత్తం 30 వేల రూపాయలు దాటితే ఈ కోత పడేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 50 వేలయింది. మరోవైపు విదేశీ అంపైర్లు, మ్యాచ్ రిఫరీలు క్రీడాకారులు కారని, క్రీడాకారులకు వర్తించే 194ఈ కోత వారికి వర్తించదని 2011లో ఇండ్‌కామ్ కేసులో కలకత్తా హైకోర్టు చెప్పింది.

అసలు చిక్కు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ దగ్గర వస్తుంది. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, సినీ కళాకారులు ఈ సెక్షన్ కింద వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల బిల్లులు దాచుకునే పని లేదు. ఆ జాబితాలో అంపైరు పేరు లేదు. కోత కోసేటప్పుడు వృత్తి నిపుణుడైన మనిషి, వెసులుబాటు ఇచ్చేటప్పుడు కాకుండాపోవడం అన్యాయం. 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చిన ఈ సమయంలోనైనా వీరిని ఆ జాబితాలో చేర్చాలి.

అందాకా మిగిలిన దారి అసలు ఖర్చులు చూపడమే. పూర్తిగా ఆ పనికోసమే పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి తీసేయవచ్చని 1961 చట్టంలోని 37వ సెక్షన్ చెప్పింది. విజిల్, అంపైరు కోటు, బంతుల లెక్కకు వాడే కౌంటర్, ప్యానెల్ పరీక్ష ఫీజు, రూల్ పుస్తకం, మైదానానికి బస్సు చార్జీ, ఇవన్నీ చెల్లుతాయి. బడికి కూడా వేసుకెళ్లే ట్రాక్‌సూట్ చెల్లదు. నిర్వాహకులు టీఏ విడిగా తిరిగి ఇచ్చేస్తే ఆ చార్జీని మళ్లీ చూపకూడదు. అమెరికాలో మైలుకు ఇంత (2025కు 70 సెంట్లు) అని ప్రభుత్వమే లెక్క కడుతుంది. మన దగ్గర అలాంటి రేటు లేదు. సొంత బైకు మీద తిరిగేవారు తేదీ, ఊరు, కిలోమీటర్లు రాసిపెట్టుకుని, పెట్రోలు ఖర్చులో మ్యాచ్‌ల వాటా తేల్చుకోవాలి.

కొత్త పన్ను విధానంలో మినహాయింపులేవీ ఉండవని చాలామంది అనుకుంటారు. పోయినవి 80సి, ఇంటద్దె భత్యం వంటివి. వృత్తి ఖర్చుల తగ్గింపు పోలేదు.

దాని విలువ ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 2025-26లో స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11.5 లక్షల జీతం, అంపైరింగ్ ఫీజు 90 వేలు వచ్చే ఉద్యోగిని తీసుకుందాం. ఖర్చులు చూపకపోతే మొత్తం ఆదాయం 12.4 లక్షలు. 12 లక్షల వరకున్న రిబేటు చేజారుతుంది. మార్జినల్ రిలీఫ్ ఇచ్చినా 40 వేల పన్ను, పైన 4 శాతం సెస్సు. అదే 45 వేల ఖర్చులకు ఆధారాలుంటే ఆదాయం 11.95 లక్షల దగ్గర ఆగుతుంది, పన్ను సున్నా. ముందే కోసిన 9 వేల టీడీఎస్ కూడా వెనక్కి వస్తుంది.

రిటర్ను వేస్తేనే ఇదంతా. ఇన్నేళ్లూ ఐటీఆర్-1తో సరిపెట్టుకున్న పీఈటీ ఇందుకోసం ఐటీఆర్-3 నింపాలి. నాలుగు మ్యాచ్‌ల ఆదాయానికి అది మోయలేని ఫారం. క్రీడా సంఘాలు ఏడాది చివర ఫీజు ఎంత, ప్రయాణ భత్యం ఎంత, కోత ఎంత అని విడివిడిగా చూపే కాగితం ఒకటి చేతికిచ్చినా ఆ బరువు సగం తగ్గుతుంది.