పుచ్చుకునే చేయి

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు. ఇంచుమించు అందరూ యూరప్, అమెరికాల వాళ్ళే. ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు పట్టుమని పాతికమంది కూడా లేరు. వారిలో ఒకరు దోర్నకల్‌లో సువార్త పని చేస్తున్న ముప్ఫై అయిదేళ్ళ తమిళుడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మిషనరీలకూ స్థానిక క్రైస్తవులకూ మధ్య సంబంధాల గురించి మాట్లాడమంటే ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. జీతమిచ్చే దొర, జీతం తీసుకునే పనివాడు అన్న లెక్క నడిచినంతకాలం ఆ స్నేహం కుదరదన్నారు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

ఆ సభలో కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇల్లూ వాకిలీ వదిలి సముద్రాలు దాటినవాళ్ళు, జ్వరాలకు కన్నబిడ్డలను పోగొట్టుకుని పరాయి నేలలోనే పాతిపెట్టినవాళ్ళు ఆ తరంలో ఎందరో. వాళ్ళకు ప్రేమ లేదని ఎవరంటారు? అయినా ఒక భారతీయుడు లేచి, మీ ప్రేమ మా దాకా రాలేదన్నాడు.

సాటి మనిషిని ప్రేమించడానికి అడ్డేమిటంటే మనం కోపమనీ పగ అనీ చెబుతాం. క్రైస్తవ సంఘాల్లోనూ శత్రువును క్షమించమనే ప్రసంగాలే ఎక్కువ. క్షమించడం తేలికని కాదు. కానీ పగ కనబడే అడ్డు. పగబట్టినవాడికి తనకు ప్రేమ లేదన్న సంగతి తెలుసు. దయ అలా కాదు. పెట్టేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉన్నా, పెట్టేవాడికి తాను ప్రేమిస్తున్నట్టే ఉంటుంది. దుప్పట్లు పంచి, ఫోటో దిగి ఇంటికి వచ్చాక మనసు తృప్తిగానే ఉంటుంది. దుప్పటి అందుకున్న మనిషి పేరేమిటో మాత్రం గుర్తుండదు.

సువార్తల్లో యేసు ఈ వరసను తిరగేసిన చోట్లున్నాయి. బావి దగ్గర సమరయ స్త్రీతో ఆయన మొదట అన్న మాట, తాగడానికి నీళ్ళిమ్మని. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని రోజులవి. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారన్న లెక్క మీదే ఊరూ వాడా విడిపోయిన మన దేశంలో ఆ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. జక్కయ్య సంగతీ అంతే. మేడిచెట్టు ఎక్కిన ఆ సుంకరిని భోజనానికి పిలిచి ఉపదేశం చేసి పంపలేదు. తానే అతని ఇంటికి అతిథిగా వస్తానన్నాడు. ఊరు సణిగింది కూడా అందుకే. పాపికి ఏదైనా ఇస్తే ఎవరూ సణగరు, అతని ఇంట దిగితేనే గొడవ.

ఆ గొడవకు పేతురంతటివాడు జంకాడు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉన్నవాడు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే పంక్తి వదిలి పక్కకు తప్పుకున్నాడు. పౌలు ముఖం మీదే నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉందీ తగవు. పేతురుకు సిద్ధాంతం తెలియక కాదు, పక్కన కూర్చున్నవాళ్ళంటే ద్వేషమూ కాదు. మనవాళ్ళేమనుకుంటారో అన్న బెరుకు, అంతే. ప్రేమకు అడ్డుపడటంలో ఈ ‘మనవాళ్ళ’కున్న బలం సైతానుకు కూడా లేదేమో!

అజరయ్య 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడాయనే. పరాయి భాష అయిన తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగారు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఎడిన్‌బరోలో తెల్లవారిని అడిగిన ప్రశ్న ఇప్పుడు ఆయన గుమ్మంలోకే వచ్చింది. ఒకే దేవుణ్ణి నమ్ముకున్న ఈ రెండు వాడల మధ్య తరతరాల ఎడం అలాగే ఉంది. మిషన్‌లన్నీ ఒకే సంఘం కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నాటి నుంచీ ఆయన పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన కోరిన ఆ కలయిక, దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడింది 1947 సెప్టెంబర్‌లో. పరాయి దేశాల నుంచి వచ్చిన విభేదాలు కలిసినంత సులువుగా మన వాడలు కలవలేదు.

ఇప్పటికీ పూర్తిగా కలవలేదు. క్రైస్తవంలో కులం లేదన్న మాటను ప్రభుత్వం మాత్రం గట్టిగానే పట్టుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల జాబితాలో చోటు లేదు. పెళ్ళి సంబంధాలు చూసే వేళ మాత్రం, ఏ సంఘమండీ అని అడిగాక ఇంకో ప్రశ్న మెల్లగా వస్తుంది.

ప్రేమ పుట్టాక వెళదామనుకుంటే అవతలి వాడ గడప ఎప్పటికీ తొక్కలేం. ముందు వెళ్ళి వాళ్ళు పెట్టింది తినాలి. ప్రేమ ఆ తర్వాత వస్తే వస్తుంది, రావడం ఆలస్యమైనా తిన్న అన్నం వృథా పోదు. ఆరాధన అయ్యాక సంఘాల్లో పెట్టే ప్రేమ విందు ఇందుకు మంచి అవకాశమే. కాకపోతే అక్కడా ఎవరి కుటుంబాలు వాళ్ళు గుంపుగా కూర్చుని తిని లేస్తుంటారు.

డిసెంబర్ వస్తే కుర్రవాళ్ళు కేరల్స్‌కు బయలుదేరతారు. ఏ వీధి తర్వాత ఏ వీధి అన్నది ముందే రాసుకుంటారు. కొన్ని ఇళ్ళ ముందు ఒక పాట పాడి ముందుకు సాగిపోతారు, కొన్ని ఇళ్ళలో కూర్చుని టీ తాగుతారు. ఈసారి జాబితా రాసే పెద్దలు ఆ రెండు రకాల ఇళ్ళనూ అటూ ఇటూ మార్చి రాస్తే బాగుంటుంది.