మెలకువకు తేదీ లేదు

తీర్పు దినం లేదని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. ఉందనే నమ్ముతాను. ఆ నమ్మకంతోనే ఒక మాట అంటున్నాను. మన తెలుగు సంఘాల్లో తీర్పు పేరుతో సాగుతున్న బోధ మనల్ని మేలుకొలపడం లేదు, జోకొడుతోంది.

బయటి రాష్ట్రాల్లోని మన సంఘాల సంగతి మీకు కొత్త కాదు. చెన్నై అయినా, కోలారు అయినా, బరంపురం అయినా, షోలాపూర్ అయినా, వారమంతా వేరే భాషలో బతికినవాళ్లకు ఆదివారం ఆరాధనలోనే నిండుగా తెలుగు వినపడుతుంది. ఏడాదికోసారి ఉజ్జీవ సభలు పెట్టుకుంటాం. దూరం నుంచి ప్రసంగీకులొస్తారు. గోడకు పటం కడతారు. ఏడు ముద్రలు, ఏడు బూరలు, మృగం. ఫలానా దేశంలో యుద్ధం, ఫలానా చోట భూకంపం. అన్నీ కూడి తీసివేసి, ఇక ఎంతో కాలం లేదంటారు. జనం ఏడుస్తారు. కానుకల సంచి నిండుతుంది. మర్నాడు ప్రసంగీకులు రైలెక్కుతారు. సంఘం మళ్లీ పడుకుంటుంది.

ఈ లెక్కలు ఇప్పటివి కావు. అమెరికాలో విలియమ్ మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు పంట కూడా కోయలేదు. దక్షిణ కొరియాలో లీ జాంగ్ రిమ్ అనే బోధకుడు 1992 అక్టోబరు 28న విశ్వాసులు ఎత్తబడతారన్నాడు. నమ్మినవాళ్లు ఉద్యోగాలు మానుకున్నారు, ఆస్తులమ్ముకున్నారు. ఆ బోధకుడు మాత్రం ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు కొని దాచుకున్నాడు! మోసం నేరం కింద జైలుకు వెళ్లాడు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు; అది గడిచిపోతే అక్టోబరు 21 అన్నాడు. తేదీ చెప్పడమే పాపమని 2012లో ఒప్పుకున్నాడు.

మన ప్రసంగీకులు అంత దూరం పోరు. తేదీ చెప్పరు, తేదీ వాసన చూపిస్తారు. ఆ వాసనకే ఇళ్లు పాడవుతాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం 1999లో కూతురి చదువు మాన్పించింది. రెండు వేలు దాటితే లోకమే ఉండదు, ఇంకా చదువెందుకన్నారు. లోకం ఉంది. పోయింది ఆ పిల్ల చదువే. ఆ మాట చెప్పి వెళ్లిన పెద్దమనిషి మళ్లీ వచ్చి, అమ్మాయి ఏం చేస్తోందని అడగలేదు.

అసలు సువార్త ఏమంటోంది? మత్తయి ఇరవై నాలుగో అధ్యాయంలో ఆ దినం, ఆ గడియ దూతలకూ తెలియదు, కుమారునికీ తెలియదు, తండ్రికే తెలుసు అని స్పష్టంగా ఉంది. ఎందుకు దాచినట్టు? దొంగ ఫలానా జామున వస్తాడని తెలిస్తే ఇంటాయన అంతవరకూ హాయిగా నిద్రపోతాడు. తేదీ తెలిసినవాడికి మెలకువ అవసరం లేదు, అలారం చాలు. కాబట్టి తేదీ వెతకడం మెలకువకు మొదటి మెట్టు కాదు, మెలకువను తప్పించుకునే దారి.

మన భాషలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. మెలకువ అంటే నిద్రపోకుండా ఉండడం. పనిలో నేర్పునూ మనం మెలకువనే అంటాం. నేతకు మెలకువలున్నాయి, వంటకు మెలకువలున్నాయి. మెలకువగా ఉన్నవాడంటే కళ్లు తెరుచుకుని ఆకాశం చూసేవాడు కాదు, చేతిలో పని తెలిసినవాడు. అదే అధ్యాయం చివర ప్రభువు ఏ దాసుణ్ణి మెచ్చుకున్నాడు? యజమాని ఎప్పుడొస్తాడో లెక్కకట్టిన వాణ్ణి కాదు, తోటి పనివాళ్లకు వేళకు అన్నం పెడుతున్నవాణ్ణి.

మన చరిత్రలోనే ఒక మనిషి ఇది చేసి చూపించాడు. 1876-78లో ధాత కరువొచ్చింది. ఆకలి, కలరా, దారి పొడవునా శవాలు. అంతం వచ్చిందనడానికి అంతకన్నా గుర్తులేం కావాలి? ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పటం కట్టలేదు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. కరువు జనానికి కూలీ ఇచ్చాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా నిలబెట్టాడు. అన్నం కోసం మతంలోకి రాకూడదని, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మనవాళ్లు ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటారు. దానికి ముందు నడిచిన పారనూ తట్టనూ చెప్పుకోరు.

అదే కరువులో చెన్నైలో కూవం, అడయారు నదుల మధ్య ఆ కాలువనే తవ్వించారు. నేను తరచూ దాని పక్కనుంచే పోతుంటాను. ఇప్పుడది మురుగు. దాని మధ్యలోనే రైలు స్తంభాలు. ఈ ఊళ్లోనే, మౌలివాక్కంలో, 2014 జూన్ 28న కట్టుబడిలో ఉన్న పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆంధ్ర నుంచి, ఒడిశా నుంచి పొట్టకూటికొచ్చిన కూలీలు. శిథిలాల కింద మూలిగింది మన భాషే. అలాంటి కూలీల రేకుల షెడ్లు ఇప్పటికీ మన ఊళ్ల శివార్లలో ఉన్నాయి. మన ప్రార్థన మందిరానికీ ఆ షెడ్లకూ ఎంత దూరం? ఆ దూరం కొలవనివాళ్లు హర్మగిద్దోనుకు దూరం కొలుస్తారా?

మత్తయి ఇరవై ఐదో అధ్యాయంలో న్యాయాధిపతి గొర్రెల్నీ మేకల్నీ వేరుచేస్తూ ఏడు బూరల అర్థం అడగడు. ఆకలిగొన్నవాడికి పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా, జైల్లో ఉన్నవాణ్ణి చూశావా అని అడుగుతాడు. పరదేశి అనే మాట మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మన తాతలు ఒకనాడు ఈ ఊళ్లకు అలాగే వచ్చారు.

నా మీద రెండు ఆక్షేపణలొస్తాయని తెలుసు. క్రియల వల్ల రక్షణ రాదు గదా అంటారు మొదటిది. నిజమే. నేను చెప్పేది రక్షణకు కట్టే వెల కాదు. దీపం వెలుగుతుందంటే లోపల నూనె ఉందని అర్థం. వెలగని దివిటీ పట్టుకుని నూనె ఉందంటే ఎవరు నమ్ముతారు? రెండోది, భయం లేకపోతే జనం చెడిపోతారని. భయంతో వచ్చిన భక్తి సభల పందిరి విప్పేదాకానే ఉంటుంది. రాకడ దగ్గరపడిందని థెస్సలొనీకలో కొందరు పనిపాటలు మానేసి తిరిగితే, పౌలు వాళ్లను భక్తులని మెచ్చుకోలేదు, పని చేసుకుని తినమన్నాడు.

ఇంకో మాట. తీర్పు గురించి చెప్పేటప్పుడు మన వేలు ఎప్పుడూ పక్కింటి గుడివైపే చూపిస్తుంది. పేతురు మొదటి పత్రికలో తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని ఉంది. యెహోవా దినం రావాలని ఆశపడేవాళ్లను ఆమోసు అడిగాడు, అది మీకెందుకు, మీకది చీకటే గదా అని. అతను అడిగింది పరాయివాళ్లను కాదు, పండగలు చేసుకుని పాటలు పాడుకునే తనవాళ్లనే.

అందుకని సంఘపెద్దలను ఒకటి కోరుతున్నాను. ఈసారి ఉజ్జీవ సభల్లో పటం కట్టే మేకుకు సంఘం లెక్కల పుస్తకం వేలాడదీయండి. ఏ విధవరాలి ఇంటద్దె బాకీ ఉంది, ఏ పిల్ల బడి మానింది, ఏ షెడ్డులో జ్వరంతో ఎవరు పడున్నారు, పైకి చదవండి. వచ్చిన కానుకలో ఎంత ప్రసంగీకుల ప్రయాణానికి పోయింది, ఎంత వీళ్లకు చేరింది, అదీ చదవండి. రాకడ ఆ రాత్రే అయినా, వెయ్యేళ్లకైనా, ఆ పుస్తకం సరిగా ఉన్న సంఘానికి కంగారు పడే పనుండదు.