గుట్టపరుగును గూర్చి మా యభిప్రాయము

గత ఫాల్గుణమాసమున ఒక శనివారమునాడు మా పాఠశాల పైతరగతుల విద్యార్థులు 23 మందియు, ఉపాధ్యాయులము ముగ్గురమును కొల్లాపురమునుండి బయలుదేరి, సోమశిల దిక్కున నున్న గుట్టలమీదుగ కృష్ణ కనబడు మిట్టవరకు పోయి మరలివచ్చు 9 మైళ్ల పరుగు నొకదానిని జరిపితిమి. ఈ యేడును దానిని జరుపవలయుననియు, మొదట వచ్చిన ముగ్గురికి వెండిగిన్నెలు బహుమానముగ నీయవలయుననియు కొందరు పెద్దలు సెలవిచ్చియున్నారు. ఈ విషయమున మాకొక యభిప్రాయము కలదు. దానిని జెప్పుటకు ముందు జరిగినది ఉన్నదున్నట్లు చెప్పవలసియున్నది. ఏలయన జరిగిన తప్పులలో పెద్దపాలు మాదే.

మా విద్యార్థులు ఆటస్థలమున మైలుదూరము 8 నిమిషములలో పరుగెత్తుదురు. ఆ లెక్కను పట్టుకొని 9 మైళ్లకు గంటంబావు చాలుననియు, గుట్టలు గనుక రెండు గంటలనుకొనుట మిక్కిలి యుదారమనియు తలచితిమి. 6 గంటలకు బయలుదేరి 8 గంటలకు వచ్చెదము, ఉప్మా వేడిగ నుంచుమని వంటవానితో చెప్పి పోయితిమి. మనిషికొక సీసా నీళ్లు. అంతియే మా సన్నాహము.

మొదటి గుట్ట వేడుకగనే గడచెను. రెండవ గుట్టమీద దారి దారి కాదు. పలుగురాళ్లు కాలి క్రింద జారుచుండెను. పశువులు నడచిన జాడలు మూడు నాలుగుగ చీలిపోవుచుండెను. ఏది మాదో తెలియక రెండుసారులు తప్పితిమి. రేగుముండ్లు గీరుకొనని పిల్లవాడు లేడు. ఎక్కుట కష్టము, దిగుట సుఖమని యనుకొన్నవారము దిగునప్పుడే బుద్ధి తెచ్చుకొంటిమి. దిగువానిని ప్రతి యడుగునను తొడకండరములు సాగుచునే బిగబట్టవలెను. ఆ పని వానికి క్రొత్త. అందుచేత మోకాళ్లు వణకుటయు, అప్పటి నొప్పికంటె మరునాటి నొప్పి యెక్కువగుటయు సహజమని తరువాత చదివి తెలిసికొంటిమి. 9 గంటలకే నీళ్లయిపోయెను. అచ్చట గొఱ్ఱెలు మేపుకొనుచున్న యొక ముసలి గొల్ల మమ్ము చూచి, "సారూ, ఆ దిక్కు నీళ్లు లేవు. పొద్దెక్కితే బండ కాలుతది. పిల్లగాండ్లను మర్లబెట్టుకొని పోండ్రి" అనెను. మేము నవ్వి ముందునకు సాగితిమి.

పదవతరగతి విద్యార్థి యొకడు మాత్రము మాయొద్దకు వచ్చి, పిక్కలు పట్టుకొన్నవనియు, నీళ్లు లేవనియు, తాను మరలిపోయెదననియు స్పష్టముగ చెప్పెను. గొల్ల మనుమడు వానిని రోడ్డువరకు దిగబెట్టెను. కడమ 22 మందిలో కడపటివారు పాఠశాల చేరునప్పటికి పండ్రెండు కావచ్చెను. అందొకడు ఎండలో నుండియు వణకుచు, అడిగినదానికి సంబంధములేని మాటలాడుచుండెను. ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయి సెలైను పెట్టించితిమి. రెండు దినములకు లేచి కూర్చుండెను. ఆ రాత్రి వాని తల్లి మంచముప్రక్కన కూర్చుండి మమ్మొక్కమాటయు అనలేదు. అనినచో మాకు తేలికగ నుండెడిది.

సోమవారమునాటి సభలో 22 మందికి చప్పట్లు మ్రోగినవి. మరలివచ్చినవానికి తోటిపిల్లలు "సగంగుట్ట" యని పేరుపెట్టిరి. అప్పుడు మేమును నవ్వితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణ మా నవ్వే.

గుట్టలలో దూరమును లెక్కించుట కొక పాతసూత్రము కలదు. స్కాట్లాండు దేశస్థుడగు విలియం నైస్మిత్ అను కొండలెక్కువాడు 1892లో దానిని చెప్పెను: పటముమీది ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ఆపైన ప్రతి 2000 అడుగుల యెత్తునకు మరియొక గంట. ఇది ఒడలు గట్టిపడినవాడు మంచిదారిన నడచుటకు చెప్పిన లెక్క. మా 9 మైళ్లకు మూడు గంటలు. మూడు గుట్టలు ఎక్కిదిగుట కలిపి వేయి అడుగులనుకొన్నను మరియొక అరగంట. నడచువానికే మూడున్నర గంటలని తెలిసియున్నచో, దారిలేని రాళ్లలో పిల్లలకు రెండు గంటలని వ్రాసియుండము. గణితము బోధించువారు మాలో నొకరుండిరి. అది మరింత సిగ్గు.

ఈ సంగతి మన ప్రాంతీయులకు పుస్తకమువలన తెలియనక్కరలేదు. నల్లమలలోని సలేశ్వరమునకు చైత్రపూర్ణిమకు పోయివచ్చినవారు మా విద్యార్థుల తలిదండ్రులలో ననేకులు కలరు. "వస్తున్నాం లింగమయ్యా" యని కేకలువేయుచు లోయలోనికి దిగునప్పుడు అందరును బలవంతులే. చెంచులు పూజసల్పు ఆ జలపాతముచెంత స్నానము చేయునంతవరకు అలసట తెలియదు. పిమ్మట ఎండ ముదిరినవేళ ఆ రాళ్లన్నిటిని తిరిగి యెక్కవలెను. సులభమైన సగము ముందు, కష్టమైన సగము తరువాత నుండు దారి మనిషిని మోసముచేయును. ఎచ్చట మరలవలయునో బలముండగనే నిర్ణయించుకొనవలెను. బలముడిగినపిమ్మట నిర్ణయించుటకు బుద్ధియు మిగులదు.

దీనికి మిక్కిలి దుఃఖకరమైన సాక్ష్యము చీనాదేశమున జరిగినది. 2021వ సంవత్సరము మే 22వ తేదీన గన్సు రాష్ట్రమున బైయిన్ నగరప్రాంతమందు 100 కిలోమీటర్ల కొండపరుగు జరిగెను. పోటీచేసినవారు 172 మంది. పలువురు పలుచని పొట్టిదుస్తులతోనే బయలుదేరిరి. బండ్లుపోలేని నిట్టయెక్కుడులో నుండగ చలిగాలి, వాన, వడగండ్లు ఒక్కుమ్మడిగ మీదబడెను. 21 మంది చలికి మరణించిరి. వారిలో ఆ దేశమున పేరుమోసిన పరుగువీరుడు లియాంగ్ జింగ్ కూడ నుండెను. కనుక అది చేతగానివారికి మాత్రమే కలిగిన యాపద కాదు. మరలి క్రిందికి దిగి ప్రాణములు దక్కించుకొన్నవారు కలరు. జూ కెమింగ్ అను గొఱ్ఱెలకాపరి యొకడు తాను తలదాచుకొన్న గుహలోనికి ఆరుగురిని చేర్చి, నిప్పుచేసి, దుప్పట్లు కప్పి బ్రతికించెను. ఇది చదివినప్పుడెల్ల మా గొల్లముసలివాని ముఖము మాకు కన్నులకు గట్టుచున్నది. కొండ నెరిగినవాడు వాడు; మేము నవ్వి పోయినవారము.

కొందరు తలిదండ్రులు ఈ పరుగునే మానివేయుడని కోరుచున్నారు. చదువుకొన పంపితిమిగాని రాళ్లలో పడవేయుటకు కాదని యొకరు వ్రాసిరి. వారి భయము న్యాయమైనదే. కాని వారి కోర్కెతో మేమేకీభవింపజాలము. నిజామాబాదు జిల్లా పేదయింటి బాలిక మాలావత్ పూర్ణ 13 ఏండ్ల 11 నెలల వయస్సున, 2014 మే 25వ తేదీన, ఎవరెస్టు శిఖర మెక్కెను. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనందకుమారును మన గురుకులవిద్యార్థియే. వారిద్దరును రాళ్లెక్కుట నేర్చుకొన్నది మన భువనగిరి బండమీద. అచ్చటనుండి డార్జిలింగునకు, పిమ్మట లడఖు చలికి పోయి, నెలలతరబడి ఒడలిని అలవాటుచేసికొనిరి. మన పిల్లలకు కొండలు తగవని యెవరనగలరు? ఉప్మా చల్లారకముందే వచ్చెదమనుకొని పోవుటయే తగదు.

కావున మేము కోరునది యిది. పరుగు పుష్యమాసపు చలిలో జరుగవలెను. అంతకు రెండు మాసములు ముందుగ ప్రతి శనివారమును మొదటి గుట్ట యెక్కి దిగుట, ముఖ్యముగ దిగుట, అభ్యసింపవలెను. రెండవ గుట్టయొద్ద కుండలతో నీళ్లును, ఉప్పువేసిన మజ్జిగయు నుంచవలెను. చెమటతో ఉప్పును పోవును గనుక వట్టినీళ్లనే కడుపునిండ త్రాగించుట మంచిది కాదు. 9 గంటలకు ఆ గుట్ట దాటనివారిని, వారెంత వేడుకొన్నను, అచ్చటనుండియే మరలింపవలెను. దారిని ముందుగ ఆ గొల్లపెద్దతో నడచి చూడవలెను. పులుల సంరక్షణకై యేర్పరచిన అమరాబాదు అడవిలోనికి పరుగును పొడిగింపవలయునను ముచ్చట నెవ్వరును తలపెట్టరాదు. వెండిగిన్నెలు వలదు. గిన్నెకొరకు పరుగెత్తు బాలుడు తనకు కన్నులు తిరుగుచున్నవని మాతో చెప్పునా? మిట్ట చేరినవారి పేరులును, బుద్ధిపూర్వకముగ మరలినవారి పేరులును ఒక్కపట్టికలో వ్రాయుదుముగాక.

గతసంవత్సరపు పట్టికలో 22 పేరులే యున్నవి. ఇరువదిమూడవ పేరును మొన్న మా చేతితోనే చేర్చితిమి. ఆ బాలుని పిలిచి, నవ్వినందుకు తప్పైనదని చెప్పి, ఈ యేడు వచ్చెదవాయని యడిగితిమి. వాడు కొంతసేపు నేలచూపు చూచి, "రెండో గుట్టకాడ నీళ్లు పెడితే వస్త సార్" అనెను.