మారిషస్ దీవిలో మనవారు



గతమాసమున మా పొరుగింటి యవ్వ మాటలసందర్భమున, పూర్వము తమ వంశమున నొకడు చెఱకుతోటల పనికని యోడ యెక్కి మరల రాలేదని చెప్పినది. ఏ దేశమో యామెకు దెలియదు. మా ప్రాంతమువారు రంగూనునకు విశేషముగా పోయిరిగాని, చెఱకుతోట లనుటచే నాకు మారిషస్ దీవి స్ఫురించినది.

హిందూమహాసముద్రమున మడగాస్కరునకు దూర్పుగా నున్న యీ దీవి యగ్నిపర్వతములవలన బుట్టినది. చుట్టును పగడపుదిబ్బలు గోడవలె నడ్డుకొనుటచే కెరటములు దూరముననే విఱిగిపోవును. ఒడ్డుననున్న నీరు మన చెఱువునీటివలె నిలుకడగా నుండును. షమారెల్ అనుచోట నేల యెఱుపు, గోధుమ, ఊదా మొదలగు వన్నెలతో మడతలు విప్పిన చీరవలె నుండును. ఇనుము గల లావారాయి శిథిలమగుటచే నా రంగులు కలిగినవి.

1598లో డచ్చివారు దిగినప్పు డందు జనులు లేరు. పావురముల జాతికి జెందిన డోడో యను పెద్దపక్షి యుండెడిది. ఎగురలేదు, మనుష్యుని జూచి బెదరుటయు నెఱుగదు. వేటకును, ఓడలతో వచ్చిన యెలుకలు పందులు మున్నగువానికిని బలియై నూఱేండ్లలోపలనే నశించెను. డచ్చివారి వెనుక ఫ్రెంచివారును, 1810లో నాంగ్లేయులును దీవిని గైకొనిరి.

1835లో బానిసత్వము రద్దయ్యెను. తోటలకు మనుష్యులు కావలసివచ్చిరి. అంతకు మునుపే, 1834లో, ఒడంబడికపై మన దేశపు కూలీలను దెచ్చుట ప్రారంభమైనది. 1910 నాటికి దాదాపు 4,50,000 మంది యట్లు పోయిరి. 1843లో 'కోరింగ ప్యాకెట్' అను నోడ కాకినాడ దాపుననున్న కోరంగిరేవునుండి తెలుగువారిని గొనిపోయినది. ఆ రేవుపేరుననే మనవారి నక్కడ కోరంగీలనిరి. అయిదేండ్ల ఒడంబడిక, నెలకు అయిదు రూపాయలు, కొంత బియ్యము, పప్పు! పోర్ట్ లూయీ రేవున వారెక్కిన పదునాఱు మెట్లు నేటికిని గలవు. 2006లో యునెస్కోవా రా స్థలమును ప్రపంచవారసత్వముగా గుర్తించిరి.

చూచువారు కొనియాడు చెఱకుచేల పచ్చదనము దానంతట వచ్చినది కాదు. నేలనిండ నున్న నల్లరాళ్లను బానిసలును, వారి తరువాత మనవారును చేతులతో నేఱి గుట్టలు పేర్చిరి. అవి యిప్పటికిని చేల నడుమ నిలిచియున్నవి. నాకు షమారెల్ రంగులకంటె నవియే చూడవలెనని యున్నది.

అచ్చటి తెలుగువారి యిండ్లలో నేడు క్రియోల్ భాషయే హెచ్చు. అయినను పాఠశాలలలో తెలుగు నేర్పుదురు. ఉగాదికి దేశమంతటను సెలవు. రామభజన, అమ్మోరు పండుగ, మన సింహాద్రి అప్పన్నపూజ విడువలేదు. పూర్వుని పేరే వంశమునకు ఇంటిపేరుగా నిలిచిన కుటుంబములు పెక్కు. నతాషా అప్పన్న యను మారిషస్ రచయిత్రి 2023లో ఫ్రెంచిభాషలో ప్రకటించిన గ్రంథమున, 1872లో ఆంధ్రదేశమునుండి వచ్చిన తన పూర్వులను గూర్చి వ్రాసిరి. ఓడ దిగిన ప్రతివారికి నొక సంఖ్య యిచ్చి, పేరును, ఊరును చిట్టాల కెక్కించిరి. కొంతకాలమునకు ఛాయాచిత్రములు గూడ దీసిరి. మోకా యను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థలో నవి భద్రముగా నున్నవి.

ఇదంతయు అవ్వకు వినిపించి, "ఆయన పేరేమి?" యని యడిగితిని.

"పేరెవులికి గుర్తమ్మా! ఎల్లిపోనాడు" అన్నది.