కార్ల బేరంలో కాగితాల మతలబు

మిర్చి కల్లాలు ఎత్తి, ఖమ్మం మార్కెట్లో బస్తాలు అమ్ముడుపోయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మన పల్లెలకు రెండు రకాల మనుషులు వస్తుంటారు. ఒకరు పెళ్ళిళ్ళ పేరయ్యలు, రెండోవారు కార్లు అమ్మించే బ్రోకర్లు. పేరయ్య తెచ్చిన సంబంధాన్ని పది చోట్ల విచారిస్తే గానీ ఒప్పుకోని పెద్దలు, బ్రోకరు చెప్పిన బండిని మాత్రం టీ తాగినంత సేపట్లో ఖాయం చేసి బయానా ఇచ్చేస్తున్నారు. ఆ తర్వాత ఆర్‌టీఏ ఆఫీసు చుట్టూ, ఫైనాన్స్ కంపెనీ చుట్టూ తిరగలేక వాపోతున్నారు.

కారు ఇప్పుడు దొరల వాహనం కాదు. రాత్రివేళ పురిటి నొప్పులు వచ్చిన ఆడపడుచును ఆసుపత్రికి చేర్చాలన్నా, ముసలి తల్లిదండ్రులను డాక్టరు వద్దకు తీసుకెళ్ళాలన్నా ఊళ్ళో ఒక బండి ఉండాల్సిందే. కాబట్టి కొనవద్దని ఎవరూ అనరు. చెప్పవలసిందల్లా ఒక్కటే. మన రైతు ధర దగ్గర గట్టిగా బేరమాడతాడు, ఐదు వేలు తగ్గించేదాకా కుర్చీలోంచి లేవడు. తీరా కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెడతాడు. అమ్మేవాడు ధరలో వదులుకున్నది అక్కడే రాబట్టుకుంటాడు.

కొత్త కారు సంగతే చూద్దాం. ఎక్స్ షోరూమ్ ధర అన్నది కంపెనీ ప్రకటించే ధర, జీఎస్‌టీ అందులోనే కలిసి ఉంటుంది. దానిపైన లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానికి పోతాయి, ఇన్సూరెన్సు బీమా కంపెనీకి పోతుంది. వీటన్నిటికీ రసీదులు వస్తాయి. ఇవిగాక హ్యాండ్లింగ్ అని ఒకటి, మ్యాట్లు, సీటు కవర్లు, కోటింగు కలిపి ఒక కిట్టు అని మరొకటి చేర్చి, మొత్తం ఆన్ రోడ్ ధర ఇంత అని ఒకే అంకె చెబుతారు. ఆ అంకెను విడదీసి, షోరూమ్ ముద్ర ఉన్న కాగితం మీద రాసివ్వమని అడగాలి. హ్యాండ్లింగ్ అంటే ఏ పని, ఏ నిబంధన కింద వసూలు చేస్తున్నారు అని అడిగితే చాలాసార్లు అది ఆ కాగితం మీదికే ఎక్కదు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్న సామెత ఉంది. ఇక్కడ కొసరుకు కూడా కొన్నవాడే డబ్బు కడుతున్నాడు. ఉచితంగా మ్యాట్లు ఇస్తామన్నప్పుడు అవి వద్దు, వాటి విలువ బిల్లులో తగ్గించండి అంటే అసలు సంగతి బయటపడుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్‌టీ 18 శాతానికి తగ్గిన సంగతి పాఠకులకు తెలిసిందే. అంతకు ముందు 28 శాతం, దానిపై సెస్సు ఉండేవి. పెట్రోలు కారైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ లోపు ఇంజను ఉండి, పొడవు నాలుగు మీటర్లు దాటని బండ్లకు ఇది వర్తిస్తుంది. పాత ధరల పట్టీ చూపి అందులో డిస్కౌంటు ఇచ్చామని చెబితే నమ్మకూడదు. కంపెనీ ప్రస్తుత ధర ఎంతో చదువుకున్న పిల్లవాడి చేత ఫోనులో చూపించుకోవచ్చు.

ఇంకొకటి, కారు ఎప్పుడు తయారైంది? నిరుడు తయారై యార్డులో ఎండకు ఎండి వానకు తడిసిన బండిని ఈ ఏటి బండి ధరకే అంటగట్టడం కొత్త కాదు. తిరిగి అమ్మేటప్పుడు ధర తయారైన ఏడాదిని బట్టే పలుకుతుంది. షోరూమ్ వారు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రంలో, అంటే ఫారం 21లో, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పూర్తి డబ్బు కట్టకముందే, తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాకముందే యార్డుకు వెళ్ళి బండిని చూసి, ఛాసిస్ నంబరు రాసుకుని రావాలి. పూజ రోజున కొబ్బరికాయ కొట్టేటప్పుడు చూస్తే ఉపయోగం లేదు.

ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే తీసుకోవాలని ఎక్కడా లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం రేటు ప్రభుత్వం నిర్ణయించేది, ఎక్కడ తీసుకున్నా ఒకటే. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు అది మూడేళ్ళకు ఒకేసారి కట్టడం తప్పనిసరి. సొంత బండికి జరిగే నష్టానికి తీసుకునే బీమా మాత్రం ఏడాదికి చాలు, తేడా వచ్చేది అక్కడే. బయట రెండు కంపెనీల్లో అడిగి వస్తే షోరూమ్ వారే దిగివస్తారు. పాత కారు ఇచ్చి కొత్తది తీసుకునేవారికి మరొక మాట. ఏళ్ళ తరబడి క్లెయిము చేయనందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. అది 50 శాతం దాకా పెరుగుతుంది, కొత్త కారు బీమాకు మార్చుకోవచ్చు. అడగనివాడికి ఎవరూ గుర్తు చేయరు.

ఏడు శాతం పదికన్నా ఎక్కువ!

అసలు దెబ్బ అప్పు దగ్గర తగులుతుంది. బ్యాంకు వారు పది శాతం అంటున్నారు, మేం ఏడుకే ఇస్తాం అని ఫైనాన్స్ ఏజెంటు చెబితే ఎవరికైనా ఆశ పుడుతుంది. లెక్క వేద్దాం. 5 లక్షలు, ఐదేళ్ళ గడువు. ఏజెంటు చెప్పే ఏడు శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే మీరు అసలు ఎంత తీర్చినా, చివరి నెల దాకా మొత్తం 5 లక్షల మీదే వడ్డీ. ఏడాదికి 35,000 చొప్పున ఐదేళ్ళకు 1,75,000 రూపాయలు, నెలకు కిస్తీ 11,250. బ్యాంకు చెప్పే పది శాతం మిగిలిన అసలు మీద లెక్కించేది. దాని కిస్తీ సుమారు 10,625, ఐదేళ్ళ వడ్డీ సుమారు 1,37,500. ఏడు అన్నది పదికంటే 37 వేల పైచిలుకు ఎక్కువైంది. బ్యాంకు పద్ధతిలో చూస్తే ఆ ఏడు శాతం దాదాపు పన్నెండున్నర శాతంతో సమానం. మన పెద్దలు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వేళ్ళ మీద లెక్క కట్టగలరు గానీ, ఈ ఫ్లాట్ అన్న మాట దగ్గర బోల్తా పడుతున్నారు.

దీనికి విరుగుడు రిజర్వు బ్యాంకే చూపింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటి ప్రతి కొత్త అప్పుకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం ముందుగా ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఫీజులు వగైరా అన్నీ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత శాతం పడుతుందో అందులో ఒకే అంకెగా ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నిబంధన. కాబట్టి తెలుగులో ఇవ్వండి అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. రెండు చోట్ల ఆ పత్రాలు తీసుకుని ఆ ఒక్క అంకెను పక్కపక్కన పెట్టి చూస్తే ఏజెంటు మాటలతో పనిలేదు. ఖాళీ ఫారాలపై సంతకాలు, అంకె వేయని చెక్కులు ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

రైతుకు డబ్బు పంట అమ్మినప్పుడు వస్తుంది, కిస్తీ నెలనెలా వస్తుంది. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయినప్పుడు ఇది ఎంత కష్టమో చాలా ఇళ్ళకు తెలిసింది. కారు కొనే ముందు ఇంట్లో ఆడవాళ్ళతో కూర్చుని ఆ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది. ఇంటి ఖర్చు వారికే బాగా తెలుసు.

నీట మునిగిన బండ్లు

సెకండ్ హ్యాండ్ కార్ల విషయంలో మన జిల్లా వారు మరింత జాగ్రత్త వహించాలి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలోని కాలనీలను ముంచింది. అవే రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. రెండు చోట్లా కార్లు బురద నీటిలో నానాయి. బాగుచేసినా లాభం లేదని బీమా కంపెనీలు తేల్చిన బండ్లను తుక్కు ధరకు కొని, కడిగి, రంగు వేసి మళ్ళీ అమ్మే వ్యాపారం ప్రతి వరద తర్వాతా సాగేదే. ఇలాంటి బండి కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది, తర్వాత వైర్లు, కంప్యూటర్ బాక్సు ఒక్కొక్కటిగా పాడవుతాయి. కనిపెట్టడం కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద మరక కనిపిస్తుంది. కింది మ్యాటు లేపి ముక్కు పెట్టి చూడాలి. సీటు కింది పట్టాలకు తుప్పు, స్టెప్నీ టైరు గుంటలో ఒండ్రు ఉంటే ఇక మాట్లాడకుండా తిరిగి రావచ్చు.

మీటరు తిప్పడం మరో విద్య. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి మీటరులో అరవై వేలు చూపిస్తుంది. కానీ బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు మీది తోలు, డ్రైవరు సీటు అంచు అబద్ధం చెప్పవు. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి నంబరుతో పాత సర్వీసు వివరాలు ఉంటాయి, ఓనరు చేతనే వాటిని తెప్పించమని అడగాలి. టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కొత్త టైర్లు వేశామన్న మాట నిజమో కాదో అదే చెబుతుంది. మెకానిక్కును మనమే తీసుకెళ్ళాలి గానీ బ్రోకరు తెచ్చిన మెకానిక్కును నమ్ముకోకూడదు. ఐదువందలు, వెయ్యి ఖర్చయినా పరవాలేదు.

సీ బుక్కులో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉన్నదీ లేనిదీ చూడాలి. ఉంటే అప్పు తీరినట్టు ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. విజయవాడ, జగ్గయ్యపేట వైపు నుంచి చవకగా వస్తున్న ఆంధ్ర రిజిస్ట్రేషన్ బండ్లకు అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి నంబరు మార్పించుకోవాలి. ఆ ఖర్చు కలిపితే చవక కాస్తా ఆవిరైపోతుంది. రాష్ట్ర విభజనకు ముందు మన జిల్లాలోనే నమోదైన ఏపీ 20 నంబరు బండ్లకు ఈ బెడద లేదు.

అమ్మినా తప్పని బాధ్యత

కొనేవారి కంటే అమ్మేవారి అజాగ్రత్త ఇంకా ప్రమాదకరం. పాత కారును ఎక్స్ఛేంజిలో ఇచ్చేవారు, కన్సల్టెన్సీ వారికి అమ్మేవారు ఫారం 29, ఫారం 30లపై సంతకాలు చేసి, కొనేవాడి పేరు ఖాళీగా వదిలేసి వస్తున్నారు. ఆ కాగితాలతో బండి ఎన్ని చేతులు మారినా సీ బుక్కులో పేరు మాత్రం మొదటి రైతుదే. దొంగ కలప రవాణాలో పట్టుబడినా, చలాన్లు పడినా పోలీసులు ముందుగా వచ్చేది అతని ఇంటికే. అన్నిటికంటే ఘోరం ప్రమాదం జరిగితే. ఇలా చేతులు మారిన ఒక కారు ఢీకొని పసివాడు మరణించిన కేసులో, రికార్డులో ఎవరి పేరు ఉన్నదో అతడే యజమాని, పరిహారం అతడే కట్టాలని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. బండికి బీమా లేకపోతే ఆ భారం రైతు పొలం మీద పడుతుంది.

రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రం వారికి అమ్మితే 45 రోజుల్లోగా అమ్మినవాడు రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి, బీమాను కూడా 14 రోజుల్లో తన పేరుకు మార్చమని కోరాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి మరో మంచి నిబంధన వచ్చింది. పాత బండ్లు కొని అమ్మే వ్యాపారి రవాణా శాఖ వద్ద అనుమతి పొంది ఉండాలి. బండి అతనికి అప్పగించినట్టు ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, మళ్ళీ అమ్ముడయ్యేదాకా బాధ్యత వ్యాపారిదే. ఈ సంగతి ఎందరు రైతులకు తెలుసు? అసలు ఎన్ని కన్సల్టెన్సీల గోడల మీద ఆ అనుమతి పత్రం వేలాడుతోంది? ఈ ప్రశ్న అధికారులే వేయాలి.

మోసపోయినవారు ఊరుకోనక్కరలేదు. 1915 నంబరుకు ఫోను చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారు. అక్కడ తేలకపోతే ఖమ్మంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూమ్ హైదరాబాదులో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలే. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. కిరాయికి తిప్పే బండి అయినా, సొంతంగా జీవనోపాధికి నడుపుకునేవాడికి ఈ హక్కు ఉంది. గడువు రెండేళ్ళు. అయితే కమిషన్ అడిగేది నోటి మాట కాదు, బిల్లు. నగదు ఇచ్చి తెల్ల కాగితం మీద అంకె రాయించుకుని వచ్చినవాడి కేసు నిలబడటం కష్టం.

జిల్లా రవాణా శాఖ అధికారులు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. అనుమతి ఉన్న సెకండ్ హ్యాండ్ వ్యాపారుల జాబితాను కార్యాలయం గోడపైనా, మండల పరిషత్ కార్యాలయాల్లోనూ తెలుగులో అతికించాలి. షోరూమ్‌లో లైఫ్ టాక్సు ఎంత, ఫీజు ఎంత, మిగతాది ఎవరికి పోతుందో చూపే బోర్డు పెట్టించాలి. ఎక్స్ఛేంజి మేళాలు జరిగే దసరా, ఉగాది రోజుల్లో ఒక ఉద్యోగిని అక్కడే కూర్చోబెట్టి, అప్పగించిన ప్రతి పాత బండికీ ఫారం 29సీ అక్కడికక్కడే నమోదు చేయించాలి. వచ్చే మిర్చి సీజనుకు ముందే ఈ ఏర్పాట్లు జరగాలని రైతులు కోరుతున్నారు.